స్నేహితులను అడిగిన పరదేశి

పాలకుర్తి నుంచి తొర్రూరు మీదుగా మహబూబాబాద్ చేరి, అక్కడ రైలెక్కితే డోర్నకల్ జంక్షన్ ఎంతో దూరం కాదు. మహబూబాబాద్‌ను పెద్దవాళ్లు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. ఇరవయ్యవ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఈ ప్రాంతమంతా నిజాం రాజ్యం. ప్రజలు మాట్లాడేది తెలుగు, కచేరీలో నడిచేది ఉర్దూ. ఊరిపై పెత్తనం దేశ్‌ముఖ్‌లది, పట్వారీలది. ఊరికి దూరంగా ఉన్న వాడల్లో బతికే మాల మాదిగలది మాత్రం వెట్టిచాకిరీ. అలాంటి చోటికి వందల మైళ్ల అవతల నుంచి, తెలుగు రాని ఒక తమిళుడు దేవుని సేవకుడిగా వచ్చాడు. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడిగా ఆయన పేరు చాలామంది విశ్వాసులకు తెలుసు. కానీ పరాయి ప్రాంతంలో ఆయన మనుషులను ఎలా సంపాదించుకున్నాడన్న సంగతి అంతగా చెప్పుకోం. నిజానికి ఆయన జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని అదే.

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాడు దక్షిణపు అంచున, తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై అనే చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి పాదిరి. తల్లి ఎలెన్ బిడ్డ కోసం ఏళ్ల తరబడి ప్రార్థించింది. పుట్టిన కొడుక్కి, హన్నా మొరకు జవాబుగా పుట్టిన బాలుడి పేరే పెట్టుకుంది. కుటుంబం నాడార్లది. తాటిచెట్లను నమ్ముకుని బతికిన కులం అది. గుడి వీధుల్లో నడవడానికి, స్త్రీలు రవిక తొడుక్కోవడానికి కూడా ఆ కులం వారు పెద్ద పోరాటాలు చేయవలసి వచ్చిన చరిత్ర దక్షిణాదిలో ఉంది. అందుచేత ఊరి బయట ఉండడమంటే ఏమిటో ఆయనకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది.

తండ్రి 1889లో చనిపోయాడు. తల్లి కష్టపడి చదివించింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో లెక్కలు చదివాడు గానీ, చివరి పరీక్షల వేళకు జబ్బుపడి పట్టా లేకుండానే బయటికి వచ్చాడు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరాడు. ఆ మరుసటి సంవత్సరం అమెరికా నుంచి షెర్వుడ్ ఎడ్డీ అనే యువకుడు అదే సంస్థ పని మీద భారతదేశానికి వచ్చాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. ఇద్దరూ కలిసి తమిళ పల్లెలు తిరిగారు, కలిసి ప్రార్థించారు. ఎడ్డీ తమిళం నేర్చుకున్నాడు. ఒక తెల్లవాడు ఒక భారతీయుడి పక్కన కూర్చుని, అతని భాషలో తడబడుతూ మాట్లాడి, అతని దగ్గర నేర్చుకోవడానికి సిద్ధపడితే ఎలా ఉంటుందో అజరయ్య ఈ స్నేహంలోనే చూశాడు. ఆ తర్వాత ఆయన ఏ విదేశీ మిషనరీని చూసినా ఈ కొలబద్దతోనే చూశాడనిపిస్తుంది. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది.

1898లో అన్బు మరియమ్మాళ్‌తో ఆయన పెళ్లి జరిగింది. దక్షిణ భారతంలో కాలేజీ చదువు దాకా వెళ్లిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. కట్నం లేదు, ఆర్భాటం లేదు. ఆ రోజుల్లో పెళ్లికి అప్పు చేయని ఇల్లు ఉండేది కాదు గనుక ఇది చిన్న సంగతి కాదు.

1902లో పని మీద సింహళంలోని జాఫ్నాకు వెళ్లాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో వేరే ప్రాంతాలకు సువార్తికులను పంపుతున్నారు. సంఖ్యలో వాళ్లకన్నా ఎంతో పెద్దదైన తిరునెల్వేలి సంఘం మాత్రం విదేశీ సొసైటీలు పెట్టే ఖర్చు మీద నిశ్చింతగా కూర్చుని ఉంది. ఇది ఆయన మనసును గుచ్చుకుంది. మరుసటి సంవత్సరం, 1903లో, తిరునెల్వేలి భారతీయ మిషనరీ సొసైటీ మొదలైంది. నియమం ఒక్కటే. డబ్బు భారతీయులది, మనుషులు భారతీయులు, నిర్వహణ భారతీయులది. ఆ సొసైటీ తన పనికి ఎంచుకున్న పొలం మన మానుకోట తాలూకా. మొదటి మిషనరీగా శామ్యూల్ పాక్యనాథన్ 1904లో ఇటు వచ్చాడు. 1905 క్రిస్మస్ నాడు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో, విలియం కేరీ పనిచేసిన చోట, నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడు కూడా దాని వెనుక నిలిచిన వారిలో అజరయ్య ఉన్నాడు.

ఊళ్లూరూ తిరిగి, ఎవరైనా వెళ్లండి అని యువకులకు బోధించడం ఆయన ఉద్యోగం. ఎవరైనా అన్నమాటలో తాను లేడా అన్న ప్రశ్న ఆయనను వదల్లేదు. వై.ఎం.సి.ఏ.లో మంచి స్థానం, దేశవిదేశాల్లో పేరు, 1907లో జపాన్ దాకా ప్రయాణం. ఇవన్నీ ఉండగా 1909లో ఆ ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్‌కు వచ్చేశాడు. అప్పటికి వయసు ముప్పయ్యయిదు.

ఆ డోర్నకల్ ఎలాంటిదో ఊహించుకోవాలి. సింగరేణి బొగ్గు కోసం వేసిన ఇల్లెందు రైలుమార్గం అక్కడ పెద్ద లైనులో కలుస్తుంది. ఆ కలయికే ఊరికి గుర్తింపు. చుట్టూ చిట్టడవి, రాళ్లు, మధ్య మధ్య పల్లెలు. తమిళనాడు తీరంలో చేపలూ బియ్యమూ తిని పెరిగిన కుటుంబానికి ఇక్కడ జొన్న గటక, జొన్నరొట్టె. ఒక్క తాటిచెట్టు మాత్రం రెండు చోట్లా ఒకటే. అయితే అక్కడ ఆయన కులం వారు ఆ చెట్టు నుంచి తీసిన తియ్యటి పానీయాన్ని కాచి బెల్లం చేసేవారు, ఇక్కడ అదే చెట్టు కల్లుకుండలతో నిండి ఉండేది. పల్లె ప్రజలకు నాలుగు శత్రువులు ఉన్నాయని ఆయన తర్వాత రోజుల్లో బోధించేవాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు.

అన్నిటికన్నా పెద్ద గోడ భాష. తమిళం తెలిసినవాడికి తెలుగు సులువని అనుకుంటాం గానీ, ముప్పయ్యయిదేళ్ల వయసులో కొత్త లిపి దిద్దుకోవడం, తమిళంలో రాయని ఒత్తు అక్షరాలకు నోరు తిప్పడం, దానిమీద తెలంగాణ పల్లె యాసను చెవికి పట్టించుకోవడం తేలిక కాదు. తమిళ విద్యార్థి సభలను ఊపేసిన వక్త ఇక్కడ చిన్నపిల్లల ముందు మాట కోసం తడుముకోవలసి వచ్చింది. ఇది మంచికే జరిగిందని చెప్పాలి. భాష రానివాడు ఎంత చదువుకున్నా, ఆ భాష మాట్లాడే కూలివాడి ముందు శిష్యుడే. పాలకుర్తి ప్రాంతం వారికి ఇది వేరే చెప్పనక్కర లేదు. పండితుల సంస్కృతాన్ని కాదని, జనం నోట నలిగే జాను తెలుగులో కావ్యాలు రాసిన పాల్కురికి సోమనాథుడి ఊరు ఇది. జనానికి దగ్గర కావాలంటే జనం మాటలోకే రావాలని ఆయన శివభక్తుల కోసం గ్రహించిన సత్యాన్నే, ఏడు శతాబ్దాల తర్వాత ఇదే గడ్డ మీద ఒక క్రైస్తవ సేవకుడు మళ్లీ నేర్చుకున్నాడు. అజరయ్య తెలుగులో ప్రసంగించగలిగే స్థాయికి వచ్చాడు. తెలుగు పాటలనూ, భజనలనూ, కథాగానాన్నీ ఆరాధనలోకి రానివ్వాలని పట్టుబట్టాడు.

మరుసటి సంవత్సరమే ఆయన మరో పరాయి దేశంలో నిలబడవలసి వచ్చింది. 1910 జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు 1200 మంది ప్రతినిధులు వస్తే, ఆసియా నుంచి వచ్చినవారు ఇరవై మందికి లోపే. విదేశీ సేవకులు, స్వదేశీ సేవకులు కలిసి పనిచేయడం గురించి మాట్లాడమని అజరయ్యను పిలిచారు. మర్యాదగా నాలుగు కృతజ్ఞతా వాక్యాలు చెప్పి కూర్చుంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అక్కడ కూర్చున్నవారిలో చాలామంది ఆయన సంఘానికి సాయం చేసేవారే, పెద్దలే. ఆయన మాత్రం ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య ఉన్నది యజమానికీ జీతగాడికీ మధ్య ఉండే బంధమేననీ, ఒకరి ఇంటికి ఒకరు వెళ్లడం, కలిసి భోజనం చేయడం అరుదనీ చెప్పాడు. మంచి మినహాయింపులు ఉన్నాయని ఒప్పుకున్నాడు. కరచాలనాలూ, కుర్చీలూ, విందులూ వాటంతట అవి తనకు అక్కరలేదనీ, అవి లోపలి స్నేహానికి గుర్తులైతేనే కావాలనీ వివరించాడు. చివరికి, మొదటి కొరింథీ పత్రిక పదమూడో అధ్యాయాన్ని వాళ్లకే అద్దంలా పట్టాడు. మీరు ఆస్తి ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మేము ప్రేమను అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అనే భావంతో ముగించాడు.

సభలో నిశ్శబ్దం అలముకుంది. కొందరు నొచ్చుకున్నారు, కొందరు కోపగించుకున్నారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ మాత్రం ఆయన పక్షాన నిలిచాడు. సహాయం చేసేవారిని విమర్శించడం కృతఘ్నత కాదా అని ఇప్పటికీ అనేవారున్నారు. కానీ ఆ ప్రసంగంలో అజరయ్య అడిగింది ఒక ఉపకారం కాదు. ఎప్పుడూ ఇచ్చేవాడిగానే ఉండి, ఎన్నడూ పుచ్చుకోనివాడు స్నేహితుడు కాలేడన్నది ఆయన ఫిర్యాదు. సమరయ స్త్రీతో ప్రభువు మాట మొదలుపెట్టిన తీరు గుర్తుచేసుకోండి. జీవజలం ఇవ్వగలిగినవాడు ముందు ఆమెను దాహానికి నీళ్లడిగాడు. యూదుడు ముట్టుకోని కుండ నుంచి తాగడానికి సిద్ధపడ్డాడు. జక్కయ్య విషయంలోనూ అంతే. ప్రభువు తనంతట తానే అతని ఇంటికి అతిథిగా వెళ్లాడు.

ఎడిన్‌బరోలో అడిగిన ప్రశ్న డోర్నకల్‌లో ఆయన మీదికే తిరిగింది. ఇక్కడ ఆయన చదువుకున్నవాడు, ఇంగ్లీషు తెలిసినవాడు, పరాయి ప్రాంతం వాడు. మాదిగవాడలోని మనిషి లెక్కలో తెల్లదొరకూ ఊరిదొరకూ ఈయనకూ తేడా ఏమిటి? పైగా 1912 డిసెంబర్ 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఒక భారతీయుడి కింద ఇంగ్లీషువాళ్లు పనిచేయాలా అని అడ్డుచెప్పిన మిషనరీలు ఉన్నారు. మొదట చిన్న డయోసిస్ ఇచ్చి, ఆయన పని చూశాక 1920 తర్వాత కోస్తాలోని, రాయలసీమలోని మిషన్ ప్రాంతాలను కూడా కలిపారు. ఒకప్పుడు కుర్చీ దొరకని మనిషి అధికారపీఠం మీద కూర్చున్నాడు. స్నేహానికి అధికారం ఎంత అడ్డమో చాలామంది జీవితాల్లో చూస్తుంటాం.

ఆయన చేసింది ఏమిటంటే, సంవత్సరంలో చాలా భాగం పల్లెల్లోనే గడపడం. ఎడ్లబండి మీద, కాలినడకన, దారి ఎలా ఉంటే అలా ప్రయాణం. పల్లెలో వెట్టి చేసేవాడికి పగలు తీరిక ఉండదు. చీకటి పడ్డాక, కడుపులో ఇంత పడ్డాకే వాళ్లు కూర్చోగలరు. అందుకని లాంతరు వెలుగులో కూటాలు జరిగేవి. ఆయన ఊరికే బోధించి వెళ్లేవాడు కాదు, ప్రశ్నలు అడిగేవాడు. అక్షరం రానివాళ్లు బైబిలు కథలు తమ మాటల్లో చెబుతుంటే వినేవాడు. బాప్తిస్మం పొందినవారి చేతులు వారి తలమీదే పెట్టించి, తాము సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని వారి నోటనే పలికించేవాడు. అంటే, వచ్చిన మొదటిరోజు నుంచే వారిని దానం పుచ్చుకునేవారిగా కాక పనిలో పాలివారిగా చూశాడు.

కానుకల విషయంలోనూ అదే పద్ధతి. ఇంత బీదవారి దగ్గర ఏం అడుగుతామని విదేశీ మిషనరీలు మొహమాటపడేవారు. అజరయ్య మొహమాటపడలేదు. వంట కోసం బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు దేవుని కోసం తీసి పక్కన పెట్టే అలవాటును ఆయన ప్రోత్సహించాడు. క్రైస్తవ దాతృత్వం గురించి ఆయన రాసిన పుస్తకం అనేక భాషల్లోకి వెళ్లింది. పిడికెడు బియ్యంతో ఏం సంఘం నడుస్తుందని నవ్వినవారు ఉండవచ్చు. కానీ తరతరాలుగా ఊరి వాళ్లు విదిల్చింది పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడమన్నది ఎరగని వాడకు, నీ చేతి బియ్యం దేవుని బల్ల మీద పెట్టు అని ఒకరు చెప్పడం ఎంత మాట! ఆ బియ్యం వల్ల వచ్చిన డబ్బుకన్నా, ఇచ్చినవాడి వెన్ను నిటారుగా అయిందన్నదే నాకు పెద్దగా కనిపిస్తుంది.

మాలలకూ మాదిగలకూ మధ్య ఉన్న గోడ మరీ మొండిది. ఒకే ఊరి బయట రెండు వాడలు, ఒకరి బావి ఒకరు ముట్టరు. ఒకే పాత్రలో ప్రభురాత్రి భోజనం, ఒకే చాప మీద కూర్చోవడం అన్నవి ఆయన పట్టు వదలని విషయాలు. అన్బు మరియమ్మాళ్ స్త్రీల మధ్య చేసిన పని లేకపోతే ఇందులో సగం కూడా జరిగేది కాదు. మగవాళ్లు గుడిలో ఒప్పుకున్నది ఇంట్లో పొయ్యి దగ్గర నిలవాలంటే ఆడవాళ్లతో మాట్లాడాలి కదా. ఈ గోడ పూర్తిగా కూలిందని చెప్పలేం. మన సంఘాల్లో పెళ్లి సంబంధాలు వెతికే తీరు చూస్తే చాలు.

ఆయనలో లోపాలు లేవని కాదు. ఆయనది కఠినమైన క్రమశిక్షణ. కొన్నిచోట్ల స్నేహితుడికన్నా గద్దించే తండ్రే ఎక్కువగా కనిపిస్తాడు. పల్లె జనం తరతరాలుగా ఆడిపాడిన కొన్ని ఆచారాలను ఆయన మరీ తొందరగా తోసిపుచ్చాడని చరిత్రకారులు అన్నారు. 1930లలో గాంధీజీకీ ఆయనకూ మతమార్పిడుల విషయంలో తీవ్రమైన భేదాభిప్రాయం వచ్చింది. అణగారిన కులాల వారు అర్థం తెలిసి మతం మారడం లేదన్నది గాంధీజీ అనుమానం. తమ మంచి చెడ్డలు తేల్చుకునే బుద్ధి వాళ్లకు ఉందన్నది, వాళ్ల మధ్య పాతికేళ్లు బతికిన అజరయ్య అనుభవం. అదే అజరయ్య, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని కూడా వాదించాడు. వేరు గది కట్టుకుంటే పొరుగువారితో మాట్లాడే అవకాశం పోతుందని ఆయన భయం.

సంఘాల మధ్య చీలికలు కూడా ఆయనను బాధపెట్టాయి. ఇంగ్లండులో ఎప్పుడో పుట్టిన తగాదాలు తెలంగాణ పల్లెవాడికి ఎందుకు? 1919 మేలో తరంగంబాడిలో 33 మంది సేవకులు సమావేశమై ఐక్యత కోసం పిలుపునిచ్చినప్పుడు ఆయన ముందు నిలిచాడు. ఆ పని ఫలించి దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27న. చూడడానికి ఆయన లేడు.

డోర్నకల్ వెళ్లినవారు ఎపిఫనీ కెథడ్రల్ చూడకుండా రారు. చార్లెస్ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చి గోథిక్ శైలిలో ఆకాశానికి లేస్తుంది. దాని గొప్ప దానిది. డోర్నకల్ ఆలయం దారి వేరు. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తుకొస్తుంది, రాతిస్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తుకొస్తుంది, సిలువ దాని స్థానంలో అది ఉంటుంది. ఏళ్ల తరబడి, డబ్బు అందినప్పుడల్లా కొంత కొంత కట్టుకుంటూ వచ్చిన ఆ ఆలయాన్ని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. అది తూర్పు దేశపు జ్ఞానులు తమది కాని దేశంలో, తమది కాని ఇంట్లోకి వెళ్లి శిశువును చూసిన పండుగ రోజు. చుట్టుపక్కల హిందువూ ముస్లిమూ లోపలికి వస్తే పరాయి చోటికి వచ్చినట్లు ఉండకూడదన్నది ఆ కట్టడంలోని ఆలోచన.

ఆయన చివరి రోజుల నాటికి డయోసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. వాడల్లో వచ్చిన మార్పును కళ్లారా చూసి, రైతు కులాల వారు కూడా కొన్నిచోట్ల సంఘంలో చేరారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1920లోనే గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఇన్ని జరిగినా ఆయన పల్లెల ప్రయాణాలు ఆపలేదు. కొద్దిరోజుల జబ్బు తర్వాత 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. భౌతికకాయాన్ని తిరునెల్వేలికి తీసుకుపోలేదు. కెథడ్రల్ దగ్గరే, ఆయన ముప్పయ్యయిదో ఏట అక్షరాలు దిద్దుకున్న భాష మాట్లాడే జనం మధ్య సమాధి చేశారు.